నా కూతురు నన్ను ‘అప్పా’ అంటోంది

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. పాపకు పది నెలలు నిండగానే మా అమ్మ దగ్గర వదిలి, ఆయనా నేనూ చెన్నైలో బిల్డింగు పనులకు వెళ్లాము. మూడేళ్లకు తిరిగి వచ్చాము. పాప మా అమ్మనే ‘అమ్మా’ అంటోంది; నన్ను మా చెల్లెలు పిలిచినట్టు ‘అప్పా’ (మా వైపు అప్ప అంటే అక్క) అంటోంది. ఎత్తుకుంటే విదిలించుకుని పోతోంది. కొన్నాళ్లు అమ్మమ్మను కనబడనివ్వకపోతే అదే దారికి వస్తుందని అత్తవారు అంటున్నారు. అలా చేయవచ్చునా?

జవాబు: చేయవద్దు. అమ్మమ్మను దూరం చేయడమంటే, పది నెలల వయసులో తగిలిన దెబ్బను నాలుగేళ్ల వయసులో మళ్లీ వేయడమే. ఏడెనిమిది నెలలు వచ్చేసరికి బిడ్డ తనను రోజూ సాకే మనిషిని అందరిలోనూ వేరుగా గుర్తించి, ఆ మనిషి కనబడకపోతే ఏడుస్తుంది, కొత్తవారిని చూస్తే బెదురుతుంది. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ అనుబంధ సిద్ధాంతానికి ఆధారం ఇదే. మీరు వెళ్లిన తరువాత ఆ బంధం మీ అమ్మగారితో గట్టిపడింది. అది జరగడం పాప అదృష్టం.

బౌల్బీతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, లండన్ ఆసుపత్రులలో తల్లిని విడిచి ఉన్న పసివారు మొదట గోలగోలగా ఏడ్చి, తరువాత దిగులుతో ముడుచుకుపోయి, చివరకు తల్లి వచ్చినా పట్టనట్టు ఉండిపోవడాన్ని గమనించాడు. ఆ మూడో దశను చూసి సిబ్బంది బిడ్డ కుదుటపడిందని అనుకునేవారు. పక్కన అమ్మమ్మ ఉన్నది కనుక మీ పాప పరిస్థితి అంత కఠినం కాదు. పాపకు మీ మీద కోపమూ లేదు. పది నెలలనాటి ముఖం గుర్తుండే వయసు కాదు గనుక మీరింకా పరిచయం కాలేదు, అంతే.

ఒకరితో బంధం తెగితేనే మరొకరితో ముడిపడుతుందన్న లెక్క తప్పు. షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు గ్లాస్గోలో 60 మంది శిశువులను పరిశీలించి 1964లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిన్నర వయసుకే ఎక్కువమంది పిల్లలు ఒకరికి మించి దగ్గరయ్యారు.

కాబట్టి కొంతకాలం పుట్టింట్లోనే ఉండి, అమ్మగారు ఎదురుగా ఉండగానే రోజూ ఒక పనిని మీ చేతిలోకి తీసుకోండి. నలుగుపిండి స్నానమో, తల దువ్వడమో, ఏదైనా సరే, రోజూ అదే వేళకు జరగాలి. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంటే పాప మీ చేతికి తల అప్పగించడానికి అంతగా బెదరదు. బలవంతంగా ఎత్తుకోకండి, తానే వచ్చి ఒడిలో కూర్చున్ననాడు చేతిలో పని పక్కన పెట్టండి. ‘అప్పా’ అంటే పలకండి, దిద్దకండి. చుట్టాల ముందు “మీ అమ్మెవరే?” అని అడిగి నవ్వే అలవాటును మాత్రం ఈ రోజే మాన్పించండి, పెద్దలకు అది సరదాయే గాని, పాపకు ఇద్దరిలో ఒకరిని కాదనమన్నట్టు ఉంటుంది. “అల్లరి చేస్తే మీ అమ్మ పట్టుకుపోతుంది” అనే బెదిరింపు అమ్మగారి నోట కూడా రాకూడదు.

నెలలు పట్టవచ్చు. మధ్యలో పక్క తడపడం, వేలు చప్పరించడం మళ్లీ మొదలైతే తిట్టవద్దు. తిండి, ఆట, మాట మూడూ తగ్గిపోయి వారాలు గడిచినా మార్పు లేకపోతే పిల్లల వైద్యునికి చూపించండి. అత్తవారింటికి మకాం మార్చేటప్పుడు మొదట పగటిపూట తీసుకువెళ్లి, సాయంత్రానికి తిరిగి తీసుకురండి. రాత్రి ఉండడం మొదలైనప్పుడు తొలి రోజుల్లో అమ్మగారిని కూడా వెంట రమ్మనండి.