ఫ్లోరిడాలో ఒడ్డు నుంచి సొరచేపల వేట: ఎలా మొదలుపెట్టాలి?

గాలం కర్ర కొనేముందు పర్మిట్ సంగతి చూడండి. 2019 జులై నుంచి ఫ్లోరిడాలో బీచ్ మీంచి సొరచేపలు పట్టాలంటే లైసెన్సుతో పాటు ఆన్‌లైన్ కోర్సు చేసి ఈ పర్మిట్ తీసుకోవాలి, ఉచితమే.

మొదట్లో బ్లాక్‌టిప్ అనే చిన్న రకం సొర చాలు, పెద్దవాటి జోలికి పోకండి. పళ్లకు తెగకుండా కొక్కెం దగ్గర స్టీలు వైరు, దానిపైన లావు నైలాన్ తాడు కట్టాలి, ఎందుకంటే సొర చర్మం ఉప్పుకాగితంలా మామూలు తాడును కోసేస్తుంది. ఎరగా తాజా మల్లెట్ చేప ముక్క గుచ్చండి. కొక్కెం సర్కిల్ హుక్కే (కొన లోపలికి వంగి ఉండేది) ఉండాలి, అదీ స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు. చేపల్ని రప్పించడానికి బీచ్ నుంచి నీళ్లలో మేత చల్లడం నిషేధం.

హ్యామర్‌హెడ్, టైగర్, లెమన్ లాంటి పట్టకూడని జాతుల సొరలు పడితే ఫొటో కోసం ఇసుక మీదికి లాగితే నేరం, మొప్పలు నీళ్లలో ఉండగానే వైరు కత్తిరించి వదిలేయాలి. కటర్ జేబులోనే పెట్టుకోండి, బ్యాగులో కాదు.