రెండు సువార్తలకు రెండు కాగితాలు

అమ్మడూ, వందనాలు.

యేసు పుట్టుక కథను ఏది ముందో ఏది తర్వాతో వరసగా చార్టు వేసి సండేస్కూలు పిల్లలకు చూపించాలనుకుంటున్నావని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా ఏళ్లు ఆ క్లాసు నడిపాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మొదట రెండు కాగితాలు తీసుకో. ఒకదాని మీద మత్తయి, ఇంకొకదాని మీద లూకా అని రాయి. మార్కు, యోహాను ఆయన పుట్టుక కథ చెప్పలేదు. మత్తయి మొదటి రెండు అధ్యాయాలు చదివి, జరిగినవి జరిగినట్టు ఒక్కో ముక్కలో రాసుకో. అది పూర్తయ్యేదాకా లూకా తెరవకు. మనకు కథ చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు కదా, అదే చిక్కు. ఒకటి చదువుతుంటే రెండోది దానంతటదే వచ్చి కలిసిపోతుంది. విడివిడిగా రాస్తే తెలుస్తుంది, మత్తయిలో పశువుల తొట్టి లేదు, గొర్రెల కాపరులు లేరు. లూకాలో నక్షత్రం లేదు, జ్ఞానులు లేరు, ఐగుప్తు ప్రయాణం లేదు.

లూకాలో కాలం లెక్క మరియ బంధువు ఎలీసబెతుతో మొదలవుతుంది. ఆమె గర్భవతియై ఐదు నెలలు బయటికి రాలేదు. "ఆరవ నెలలో" గబ్రియేలు నజరేతుకు వచ్చాడు. అది సంవత్సరంలో ఆరో నెల కాదు, ఎలీసబెతుకు ఆరో నెల. మొదటి అధ్యాయం 36వ వచనంలో దూతే ఆ మాట చెబుతాడు. అంటే ఆమె కొడుకు బాప్తిస్మమిచ్చు యోహానుకు, యేసుకు సుమారు ఆరు నెలల తేడా. ఇది గట్టి లెక్క, పెన్నుతో రాసుకో. ఎలీసబెతు భర్త, యాజకుడైన జెకర్యాది అబీయా తరగతి కదా అని, ఆ వంతు ఏ నెలలో వచ్చిందో లెక్కగట్టి యేసు పుట్టిన నెల తేల్చేవాళ్లున్నారు. యాజకులకు 24 తరగతులు, ఒక్కో తరగతికి గుళ్లో సేవ చేసే వంతు ఏడాదిలో రెండుసార్లు, వారం చొప్పున. జెకర్యాది ఏ వంతో లూకా చెప్పలేదు. కాబట్టి నెల పేరు రాయకు. డిసెంబరు 25 కూడా సువార్తల్లో లేదు. ఆ తేదీకి మనకు దొరికే పాత ఆధారాల్లో 354లో రోములో తయారైన క్యాలెండరు ముఖ్యమైనది. పండుగ ఆ రోజు చేసుకుందాం, చార్టులో మాత్రం వద్దు.

ఇంకో సంగతి. లూకా ఒకరి గురించి మొదలుపెడితే కొన్నిచోట్ల ఆ ముక్క ముగించాకే పక్కకు వెళ్తాడు. మూడో అధ్యాయం చూడు. యోహానును హేరోదు (యేసు పుట్టినప్పటి రాజు కాదు, అతని కొడుకు) చెరసాలలో వేయించిన సంగతి చెప్పేసి, ఆ తర్వాత యేసు బాప్తిస్మం చెబుతాడు. కాబట్టి మరియ ఎలీసబెతు ఇంట్లో ఇంచుమించు మూడు నెలలుండి తిరిగి వెళ్లిందని, తర్వాత యోహాను పుట్టాడని రాసినంత మాత్రాన, కాన్పుకు ముందే ఆమె వెళ్లిపోయిందని ఖాయంగా చెప్పలేం. చెప్పిన వరస వేరు, జరిగిన వరస వేరు కావచ్చు.

ఇక జ్ఞానుల సంగతి. మొదట్లో నేను కూడా నాటకంలో కాపరులను, జ్ఞానులను ఒకే రాత్రి తొట్టి దగ్గర నిలబెట్టేదాన్ని. ఒక ఏడాది రిహార్సల్లో, అట్టకు బంగారు కాగితం అంటిస్తున్న ఒక పిల్లాడు తలెత్తి అడిగాడు: "టీచర్, అదే రాత్రి బంగారం వస్తే, తర్వాత గుళ్లో గువ్వలెందుకు ఇచ్చారు?" నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్లి లేవీయకాండం 12వ అధ్యాయం తీశాను. మగబిడ్డ పుడితే తల్లి శుద్ధికి ఏడు రోజులు, ఆపైన 33 రోజులు, మొత్తం 40. గొర్రెపిల్లను తేలేని పేదరాలు గువ్వల జతో రెండు పావురపు పిల్లలో తేవచ్చు. మరియ, యోసేపు ఆ పేదవాళ్ల అర్పణతోనే యెరూషలేము వెళ్లారు. పైగా రాజైన హేరోదు బిడ్డను వెతికిస్తుంటే, అతని కోట ఉన్న ఊరికే బిడ్డను ఎత్తుకుని వెళ్తారా? బేత్లెహేముకు యెరూషలేము పది కిలోమీటర్లు కూడా లేదు. అందుకే జ్ఞానులు ఆ 40 రోజుల తర్వాతే వచ్చారని నా నమ్మకం. వాళ్లు "ఇంటిలోనికి" వచ్చారని మత్తయి రాశాడు. హేరోదు రెండేళ్లలోపు పిల్లలను చంపించాడు కాబట్టి బిడ్డకు సరిగ్గా రెండేళ్లని రాయకు. ఒక్కరూ తప్పించుకోకూడదని ఎక్కువే వేసుకుని ఉంటాడు. జ్ఞానులు ముగ్గురని కూడా లేదు. ఉన్నవి మూడు కానుకలు.

లూకా 2:7లో "సత్రం" అనే మాట దగ్గర కూడా కాస్త ఆగు. మంచి సమరయుని కథలో "పూటకూళ్ల వాని యింటికి" అన్నచోట లూకా గ్రీకులో వేరే మాట వాడాడు. ఇక్కడ వాడిన మాట 22వ అధ్యాయంలో పస్కా విందు గదికి వాడినదే. కాబట్టి చుట్టాలింట్లో విడిది గది ఖాళీ లేక, పశువుల్ని కట్టే వైపు చోటిచ్చారని చాలామంది పండితులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. సొంత ఊరికి వచ్చిన నిండు చూలాలిని మనవాళ్లు మాత్రం బయట ఉండనిస్తారా?

సంవత్సరం దగ్గర చిక్కుంది. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క, క్రీ.పూ. 1 అనేవాళ్లూ ఉన్నారు. మొదటి లెక్క ప్రకారం యేసు పుట్టింది అంతకు ముందే. "క్రీస్తు పుట్టింది క్రీస్తు పూర్వమా?" అని పిల్లలు తప్పక అడుగుతారు. ఈ శకాన్ని 525లో డయొనీసియస్ అనే సన్యాసి లెక్కగట్టాడని, అందులో కొన్నేళ్లు తేడా వచ్చిందని చెప్పు. అసలు ముడి, యేసు పుట్టినప్పుడు జరిగిందని లూకా 2:2 చెప్పే ప్రజాసంఖ్య, అంటే సిరియా అధిపతి కురేనియ నాటి జనాభా లెక్క. యూదు చరిత్రకారుడు జోసీఫస్ ప్రకారం కురేనియ సిరియాకు వచ్చి లెక్కలు రాయించింది క్రీ.శ. 6లో, హేరోదు కొడుకు అర్కెలాయును తొలగించాక. మధ్యలో దాదాపు పదేళ్లు! అంతకుముందే ఇంకో లెక్క జరిగిందని కొందరు, ఆ వచనాన్ని "కురేనియకు ముందు" అని చదవాలని కొందరు, లూకా పొరబడ్డాడని కొందరు అంటారు. నేను ఏళ్లుగా చదువుతున్నాను, ఏదీ నన్ను పూర్తిగా ఒప్పించలేదు. అక్కడ పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టు. పిల్లలు దానికి భయపడరు. మనం దాచామని తర్వాత తెలిస్తేనే నొచ్చుకుంటారు.

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి చూడు. లూకా 2:39లో అన్నీ తీర్చుకుని నజరేతుకు తిరిగి వెళ్లారని ఉంది. మత్తయి లెక్కలో ఐగుప్తు నుంచి వచ్చి, అర్కెలాయుకు భయపడి నజరేతు చేరారు. నేనైతే జ్ఞానులనూ ఐగుప్తునూ లూకా 38, 39 వచనాల మధ్య పెడతాను. అది నేను వేసిన కుట్టే గాని లేఖనం వేసింది కాదు. అందుకే ఆ గీత వేరే రంగులో గీస్తాను. నువ్వూ అలాగే చెయ్యి, పిల్లలకు ఆ రంగు ఎందుకో కూడా చెప్పు.

నజరేతు తర్వాత పన్నెండో ఏట పస్కా దాకా చార్టు ఖాళీగానే ఉంచు. అట్ట మీద అంటించే ముందు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు, చూస్తాను. నా పాత రంగు కాగితాలు బీరువాలోనే ఉన్నాయి, ఆదివారం ఎవరినైనా పంపితే ఇస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ