మాంద్యంలో వడ్డీ తగ్గిస్తే చాలదా, సర్కారు ఖర్చు పెట్టాల్సిందేనా?

రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గిస్తే సరిపోయేదానికి ప్రభుత్వం అప్పు చేసి మరీ ఖర్చు పెట్టడం దేనికని అడిగారు. కరోనా వచ్చిన 2020 తీసుకోండి. ఆ ఏడు రెండూ ఒకేసారి జరిగాయి, తేడా తెలిసిపోతుంది.

మార్చి 27న రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 5.15 శాతం నుంచి 4.40కి, మే 22న 4 శాతానికి దిగింది. అప్పు చవకైంది, అంతవరకే. సరుకు కొనే నాథుడు లేనప్పుడు చవక అప్పు తెచ్చి కొత్త మిషన్ ఎవరు పెడతారు? బ్యాంకులు ఆ డబ్బును రివర్స్ రెపో కింద, అంటే వడ్డీకి, తిరిగి రిజర్వు బ్యాంకులోనే పెట్టుకున్నాయి.

ఆ ఏడు ఇచ్చిన మారటోరియం, అంటే అప్పు కిస్తీల వాయిదా, కూడా ఊరటే తప్ప ఆదాయం కాదు. 30 లక్షల ఇంటి బాకీ, 8.5 శాతం వడ్డీ ఉంటే ఆరు నెలలు ఈఎంఐ ఆపినందుకు బాకీ సుమారు 31.30 లక్షలకు చేరింది. తర్వాత కేంద్రం తిరిగిచ్చింది వడ్డీ మీద వడ్డీ మాత్రమే. ఈ లెక్కలో అది దాదాపు రూ.2,280. మామూలు వడ్డీ 1.27 లక్షలు మీ నెత్తినే ఉంది.

వ్యాపారులకు కేంద్రం హామీ ఉన్న 3 లక్షల కోట్ల రుణాల పథకం మెరుగే. వ్యాపారికి 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం వరకు పూచీకత్తు లేకుండా కొత్త అప్పు, ఏడాది పాటు అసలు కట్టక్కర్లేదు. 10 లక్షల బాకీ ఉన్నవారికి 2 లక్షలన్నమాట. కానీ అంతకుముందు బ్యాంకు అప్పే లేని చిన్న కొట్టువాడికి 20 శాతం అంటే సున్నా. చేయూత అందరికంటే ఎక్కువ కావాల్సింది అతనికే.

ఇక కరువు పని. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీకి 2020-21 బడ్జెట్‌లో ఇచ్చింది 61,500 కోట్లు, మేలో మరో 40,000 కోట్లు కలిపారు. అంతకుముందు ఏడాది 265 కోట్లున్న పనిదినాలు 389 కోట్లకు పెరిగాయి. చట్టం, జాబ్ కార్డులు, ఖాతాలు అన్నీ ముందే ఉన్నాయి కనుకే ఇంత త్వరగా సాగింది. కష్టం వచ్చాక కొత్త పథకం గీసుకుంటూ కూర్చుంటే జాబితా తయారయ్యేసరికే పుణ్యకాలం గడిచిపోతుంది.

ఇందులోనూ తేడా వచ్చే చోట్లున్నాయి. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది: మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆపైన సగం. తేదీ వేసిన రసీదు ఇవ్వకపోతే ఆ హక్కు కాగితం మీదే ఆగిపోతుంది, ఎప్పుడు అడిగారో రుజువుండదు కాబట్టి. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) ముగిసి, కొలతలు పూర్తయి, డబ్బు బయలుదేరాక కూడా ఖాతా వివరాల్లో తప్పుంటే వెనక్కి పోతుంది. పట్నం నుంచి నలుగురు తిరిగొచ్చినా అప్పట్లో ఇంటికి వంద రోజులే. అన్నిటికంటే పెద్ద లోటు, పట్నంలోనే ఉండిపోయిన హోటల్ కార్మికుడికి దేశవ్యాప్తంగా ఇలాంటిదేమీ లేకపోవడం.

రాష్ట్రాల సంగతి చాలామంది మర్చిపోతారు. రాబడి పడిపోతే అప్పు పరిమితి దాటలేక అవి ముందు ఆపేది కాంట్రాక్టర్ల బిల్లులు, అంటే సరిగ్గా మాంద్యంలోనే కూలీల పని. 2020లో ఆ పరిమితిని రాష్ట్ర ఉత్పత్తిలో 3 నుంచి 5 శాతానికి కేంద్రం పెంచింది గానీ అందులో బేషరతుగా దక్కింది అర శాతమే. మిగతాది ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, కరెంటు సంస్కరణల వంటి షరతులకు ముడిపెట్టారు. ఆంధ్రప్రదేశ్ మొదట్లోనే వాటిలో మూడు పూర్తిచేసింది. ఆ సంస్కరణలు మంచివే కావచ్చు, కానీ ఇల్లు కాలుతుంటే నీళ్లకు షరతులు పెట్టడం నా దృష్టిలో తప్పు.

ఇచ్చింది వెనక్కి తీసుకోవడమూ కష్టమే. 2008 మాంద్యంలో ఊరటగా ఆ డిసెంబర్‌లో ఎక్సైజ్ సుంకం (సరుకు తయారీపై కేంద్రం పన్ను) 14 శాతం నుంచి 10కి, 2009 ఫిబ్రవరిలో 8కి తగ్గించారు. ధరలు మండిపోతున్న 2010 బడ్జెట్‌లోనూ 10కి మించి పెంచలేకపోయారు. కరువు పనికి ఈ బెడద తక్కువ. బయట ఎక్కువ కూలి దొరికిన రోజున జనం మస్టర్‌లో పేరు రాయించుకోవడం మానేస్తారు, ఖర్చు దానంతటదే దిగుతుంది.