ఫెస్క్యూ గింజలు తెప్పించాలా?

ప్రశ్న: తెనాలి దగ్గర మాకు ఆరు గేదెలున్నాయి. మా అబ్బాయి అమెరికాలో, మిస్సోరీలో ఉంటాడు. అక్కడ ఆవులు మేసే ఫెస్క్యూ గడ్డి చలికాలంలోనూ పచ్చగా ఉంటుందట, సంక్రాంతికి వచ్చేటప్పుడు గింజలు తెస్తానంటున్నాడు. మన దగ్గర వస్తుందా? ఇంకోటి, నవంబరు వానకి తడిసిన వరిగడ్డే మేపుతున్నాం, ఒక గేదెకి తోక చివర ఎండి నల్లబడింది.
- ఒక పాడి రైతు

జవాబు: అన్నా, గింజల మాట తర్వాత, ముందు ఆ గడ్డి ఇవాళే ఆపండి. మీరు చెప్పినదాన్నిబట్టి ఇది డెగ్నాలా జబ్బులా ఉంది. బూజు పట్టిన వరిగడ్డి తిన్న పశువులకి చలికాలంలో తోక చివర, చెవుల కొనలు, కాళ్ళ కింది భాగం రక్తం అందక కుళ్ళిపోతాయి, ఆవుల కంటే గేదెలకే ఇది ఎక్కువ. కాళ్ళకి దిగితే గిట్టలే ఊడిపోవచ్చు, కాబట్టి పశువైద్యుణ్ణి ఈరోజే పిలిపించండి. గడ్డిని ఎండబెట్టి మళ్ళీ వేద్దామనుకుంటారేమో, వద్దు, బూజు దులిపినా అది వదిలిన విషం గడ్డిలోనే ఉంటుంది. పశువుల కింద కూడా పరవకండి, అవి దాన్నీ తినేస్తాయి.

మీరు రెండు సంగతులుగా రాశారు గానీ, ఫెస్క్యూ వేసిన రైతుల బాధ కూడా ఇలాంటిదే. అక్కడ 1943లో వచ్చిన కెంటకీ-31 అనే రకం బాగా పాకింది. ఆ గడ్డి లోపల కంటికి కనపడని శిలీంధ్రం ఒకటి బతుకుతుంది, గడ్డిని మొండిగా నిలబెట్టేదీ అదే, పశువు రక్తనాళాల్ని బిగదీసేదీ అదే. ఎండాకాలం ఒంట్లో వేడి బయటికి పోక ఆవులు చెరువుల్లో నిలబడి రొప్పుతాయి, పాలు తగ్గుతాయి, చలికాలం కాళ్ళు దెబ్బతింటాయి. అందుకే వాళ్ళు క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్కని కలిపి వేస్తారు, విషం ఎక్కువగా చేరే వెన్ను రాకుండా కోసేస్తారు, హాని చేయని శిలీంధ్రం ఉన్న కొత్త రకాలకి మారుతున్నారు. ఇంత చాకిరీ మనకెందుకు? పైగా అది చల్లటి వాతావరణపు గడ్డి, మన మే నెల ఎండకి నిలవదు. అనుమతి లేకుండా విదేశీ విత్తనం సూట్‌కేసులో తేవడం చట్టం ఒప్పుకోదు కూడా, అబ్బాయికి చెప్పండి.

చలికాలం పచ్చిమేత కావాలంటే మన డెల్టా పద్ధతే ఉంది కదా, వరి కోతకి ముందు చేలో పదునుండగానే జనుమో పిల్లిపెసరో చల్లండి. నీటి వసతి ఉంటే కొంచెం నేపియర్ గడ్డి వేసుకోండి. వచ్చే ఏడు పనలు తడిస్తే బాగా ఆరేదాకా వామి వేయకండి, వేసేటప్పుడు మెరక మీద వేసి పైన కప్పండి.