అరికాళ్ల మంట వేరు, పిర్ర నుంచి దిగే నొప్పి వేరు

ప్రశ్న: మాది మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. మా అమ్మకు 56 ఏళ్లు, పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఏడాదిగా రాత్రి పడుకోగానే రెండు అరికాళ్లూ మండుతున్నాయి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. రెండు నెలల నుంచి కుడి పిర్ర దగ్గర మొదలైన నొప్పి పిక్క మీదుగా బొటనవేలు దాకా లాగుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అంటూ వారానికో సూది వేస్తున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ అమ్మగారికి రెండు వేర్వేరు బాధలు కలిసి ఉన్నట్టుంది. రెండింటికీ నరాల బలహీనత అని ఒకే పేరు పెట్టడం వల్లే అసలు కారణం వెతకడం ఆగిపోతుంది.

రెండు పాదాల్లో సమానంగా, వేళ్ల దగ్గర మొదలై పైకి పాకే మంట, తిమ్మిరి ఎక్కువగా షుగరు వల్ల నరాలు దెబ్బతినడంతో వస్తాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గి ఇవే లక్షణాలు కనిపించవచ్చు కనుక హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), బి12, థైరాయిడ్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షలు చేయించండి. మంట కంటే చెప్పు జారినా తెలియకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు దిగినా తెలియదు, పుండు పడ్డాకే బయటపడుతుంది. మంట తగ్గుతుందని వేడి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టించకండి. బొబ్బలెక్కినా ఆమెకు తెలియకపోవచ్చు. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి, వెనుక పట్టీ ఉన్న చెప్పులు కొనివ్వండి.

పిర్ర నుంచి బొటనవేలికి దిగే నొప్పి మాత్రం నడుము దగ్గర నరం మూలం నలిగినప్పుడు వస్తుంది. డిస్కు జారడం సాధారణ కారణమే అయినా, మీ ప్రాంతంలో మరొకటి మరవకూడదు: మిషన్ భగీరథ నీళ్లు రాకముందు ఏళ్ల పాటు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగినవారిలో వెన్నుపూసలను పట్టి ఉంచే కట్టుకణజాలం ఎముకలా గట్టిపడి, నరాలు వెళ్లే దారి ఇరుకు కావచ్చు. ఇప్పుడు మంచి నీళ్లు తాగుతున్నా అప్పటికే పెరిగిన ఎముక కరగదు. కొంత దూరం నడవగానే కాళ్లు బరువెక్కి, కూర్చుంటే తేలికపడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ తీయిస్తారు.

ఆ సూదిలో ఏముందో ముందు అడిగి తెలుసుకోండి. బి12 సూది అయితే, ఆ లోపం ఉంటేనే పనిచేస్తుంది, లేకుంటే వృథా. స్టెరాయిడ్ అయితే షుగరు పెరుగుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నరాల మంటకు పెద్దగా పనికిరావు, పైగా మూత్రపిండాలకు చేటు. ఈ మంటకు అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్‌లలో ఒకదాన్ని డాక్టరు మూత్రపిండాల పనితీరు చూసి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. మొదట్లో మగతగా ఉంటుంది, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నడుము నొప్పికి మంచం పట్టించవద్దు. డిస్కు వల్ల వచ్చిందైతే చాలామందిలో 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

అయితే మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం ఈడ్చుకుంటూ నడుస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికో, హైదరాబాద్‌లోని నిమ్స్‌కో తీసుకెళ్లండి.