రీల్స్ కోసం బంగారం తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం మండలం. వాడపల్లి వెళ్లే దారిలో నేనూ మావారూ పూతరేకుల దుకాణం నడుపుతున్నాం. పది పూతరేకుల పెట్టె 200 రూపాయలకు అమ్ముతాం. నెలకు సుమారు 750 పెట్టెలు పోతాయి. రేకులు, నెయ్యి, పంచదార, చుట్టే కూలి, ప్యాకింగ్ కలిపి పెట్టెకు 130 రూపాయలు అవుతుంది. అద్దె, కరెంటు, ఇతర ఖర్చులు 17,500 పోగా ఇంటికి 35,000 మిగులుతుంది. వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో ప్రచారం చేస్తామని, హైదరాబాదు నుంచి ఆర్డర్లు వస్తాయని ఒక ఏజెన్సీవారు చెబుతున్నారు. ఆరు నెలల ఒప్పందానికి నెలకు 20,000, ప్రకటనలకు మరో 10,000 అడుగుతున్నారు, జీఎస్టీ అదనం. ఈ ఖర్చు చూపిస్తే పన్ను కూడా తగ్గుతుందట. ఆరు కాసుల బంగారం తాకట్టు పెట్టి రెండు లక్షలు తెద్దామనుకుంటున్నాం. బాబు ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచిన లక్షన్నర ఎఫ్‌డీ కూడా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: బంగారం తాకట్టు పెట్టవద్దు, ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. అలాగని ప్రచారమే మానుకోమని నేను చెప్పడం లేదు. మీ సరుకు చూపించదగినది, దాన్ని చూపించవలసిన మనిషి కూడా మీరే అని నా నమ్మకం. అయితే ఆ ఖర్చు అప్పు నుంచి కాకుండా దుకాణం మిగులు నుంచే రావాలి.

మీరు ఇంత వివరంగా అంకెలు రాయడం వల్ల లెక్క తేలికైంది. పెట్టెకు మీకు మిగిలేది 70 రూపాయలు. ఏజెన్సీ అడుగుతున్న 30,000కు 18 శాతం జీఎస్టీ కలిపితే నెలకు 35,400 అవుతుంది; అంటే ప్రస్తుతం మీ ఇల్లు గడుస్తున్న మొత్తం కంటే నాలుగు వందలు ఎక్కువ. ఆ ఖర్చు తిరిగి రావడానికే నెలకు 506 పెట్టెలు అదనంగా అమ్మాలి. ఇప్పుడు 750 అమ్ముతున్న దుకాణం 1,256 అమ్మితే గాని మీ ఆదాయం ఇప్పుడున్న చోటైనా నిలవదు, ఇందులో తాకట్టు వడ్డీని నేను ఇంకా కలపలేదు. ఆరు నెలలకు ఖర్చు 2,12,400 అవుతుంది కాబట్టి మీరు తేదలచిన రెండు లక్షలు దానికే చాలవు.

పోనీ, ఆర్డర్లు నిజంగానే వచ్చాయనుకుందాం. ఒక్కో పూతరేకుకు రెండు రేకుల చొప్పున వేసుకున్నా 506 పెట్టెలకు నెలకు పది వేలకు పైగా రేకులు అదనంగా కావాలి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చని గుడ్డను పిండిలో ముంచి కుండమీద పరిచి రేకు తీసే పని ఎవరికి పడితే వారికి వచ్చేది కాదు. మీకు రేకులు ఇచ్చే ఇళ్లలోని ఆడవారు అన్ని తీయగలరా, తీస్తే అదే ధరకు ఇస్తారా అన్నది ఏజెన్సీవారితో మాట్లాడటానికి ముందే వారిని అడిగి తెలుసుకోండి. ప్రచారం వల్ల వచ్చిన ఆర్డరును పంపలేకపోయినా, ఆలస్యంగా పంపినా, ఖర్చు పెట్టి చెడ్డపేరు తెచ్చుకున్నట్టవుతుంది. పార్సెలులో పగిలిన పెట్టెకు బదులు మరో పెట్టె పంపితే 130 రూపాయలతో పాటు కొరియరు ఖర్చు కూడా మీదే. అంటే రెండు పెట్టెలకు పైగా మిగులు పోతుంది.

దీనికి బదులుగా నేను సూచించేది చిన్న పరీక్ష. చేతిలో ఉన్న ఫోను చాలు. స్టాండు, చిన్న మైకు, లైటు కలిపి 5,000 రూపాయలకు మించనీయకండి. ప్రకటనలకు నెలకు 3,000, దానిపై జీఎస్టీ 540 చొప్పున నాలుగు నెలలకు 14,160 అవుతుంది. మొత్తం 19,160 రూపాయలు. నెలవారీ ఖర్చు తిరిగి రావడానికి 51 పెట్టెలు, అంటే రోజుకు రెండు పెట్టెలైనా అవసరం లేదు. వాడపల్లి వెంకన్న దర్శనానికి జనం వచ్చే శనివారాల అమ్మకం నుంచి కొంత వేరుగా తీసి ఈ సొమ్ము సమకూర్చుకోవచ్చు.

ఆ శనివారాల జనమే మీ మొదటి ప్రేక్షకులు కూడా. ఏడు శనివారాల మొక్కు ఉన్నవారు వరుసగా ఏడు వారాలు మీ దుకాణం ముందు నుంచే వెళతారు. వారి అనుమతితో ఫోను నంబరు తీసుకోండి, మీ నంబరును వారి ఫోనులో సేవ్ చేసుకోమని కూడా అడగండి. లేకపోతే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే ఒకేసారి చాలామందికి విడివిడిగా చేరే సందేశంలో, మీరు పంపే వీడియో వారికి చేరదు. ఒకసారి రుచి చూసినవారికి పంపే ఆ వీడియోకు పైసా ఖర్చు లేదు, ముఖం తెలియనివారికి చూపే ప్రకటన కంటే దాని నుంచి ఆర్డరు వచ్చే అవకాశం ఎక్కువ. వారానికి రెండు వీడియోలు చాలు. రేకు తీసే ఆమె చేతులను చూపించేటట్లయితే ఆమె అనుమతి అడగండి, ఆ పూట కూలి నష్టం లేకుండా చూడండి.

ఆర్డరు ఇచ్చిన ప్రతి ఒక్కరినీ మా గురించి ఎక్కడ చూశారని అడిగి పుస్తకంలో రాయండి. వ్యూలు, లైకులు ఆ పుస్తకంలోకి ఎక్కనవసరం లేదు. పరీక్షను సంక్రాంతికో, ఆషాఢం సారెల రోజుల్లోనో, 2027లో రాబోయే పుష్కరాలప్పుడో పెట్టవద్దు; అప్పుడు గిరాకీ ఎలాగూ ఉంటుంది కాబట్టి వీడియో తెచ్చినదేదో, పండుగ తెచ్చినదేదో తేలదు. మామూలు నెలల్లో వరుసగా రెండు నెలలు 51 పెట్టెలు దాటకపోతే ప్రకటనలు ఆపండి, వీడియోలు మాత్రం కొనసాగించండి. నూరు దాటితే, అదనంగా వచ్చిన మిగులులో సగానికి మించకుండా ప్రకటనలు పెంచండి.

హైదరాబాదు విషయం చాలామంది గమనించనిది. ఏడాదికి 18 లక్షల అమ్మకం ఉన్న మీకు, సరుకు ఆంధ్రప్రదేశ్‌లోనే అమ్మినంత కాలం 40 లక్షల పరిమితి వల్ల జీఎస్టీ నమోదు అవసరం లేదు. కానీ తెలంగాణకు పంపే మిఠాయి వేరే రాష్ట్రానికి చేసే సరఫరా. దానికి టర్నోవరు ఎంత తక్కువైనా నమోదు తప్పనిసరి, చిన్న వ్యాపారులు అమ్మకంపై తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతి కూడా వర్తించదు. మిఠాయిపై పన్ను 5 శాతం. ధర పెంచకపోతే 200 రూపాయలలో సుమారు తొమ్మిదిన్నర రూపాయలు పన్నుకు పోతాయి. నెయ్యి మీద, ప్రకటనల మీద కట్టిన పన్నును అందులో మినహాయించుకునే వీలున్నా, రిటర్నులు వేసే అకౌంటెంటు ఫీజు ఉండనే ఉంటుంది. అందువల్ల మొదటి పరీక్షను రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, విశాఖ, విజయవాడల వరకే పరిమితం చేయండి. ప్రకటన ఏ ఊళ్లలో కనిపించాలో మీరే ఎంచుకోవచ్చు.

ఈ ఖర్చు చూపిస్తే ఆదాయపు పన్ను తగ్గుతుందన్న ఏజెన్సీవారి మాట మీకు వర్తించదు. మీ ఏడాది ఆదాయం 4,20,000; కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్నే లేదు.

వీడియోలో చెప్పే మాటకూ ధర ఉంటుంది. బెల్లం పూతరేకులు షుగర్ ఉన్నవారికి మంచివని చెప్పడం నాకు బాధ కలిగించే అలవాటు. అది తినేవారి ఆరోగ్యానికి ముప్పు, పైగా తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనకు చట్టం ప్రకారం 10 లక్షల వరకు జరిమానా పడవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, ఆ గుర్తును వాడాలంటే మీరు అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. పెట్టె మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలన్నది కూడా కనిపించాలి.

నాలుగు నెలల తర్వాత పని పెరిగి మీకు తీరిక చాలకపోతే అప్పుడు ఏజెన్సీని పిలవండి. నెల జీతంలా కాకుండా వీడియోకు ఇంత అని మాట్లాడుకోండి. పేజీ, ఛానెల్, వాటి పాస్‌వర్డులు, ప్రకటనల ఖాతా మీ ఫోను నంబరు మీదే ఉండాలని, తీసిన వీడియోలన్నీ మీకే చెందాలని, ఒక నెల ముందు చెప్పి ఒప్పందం నుంచి తప్పుకోవచ్చని కాగితం మీద రాయించుకోండి. ఇందుకు ఒప్పుకోనివారికి అడ్వాన్సు ఇవ్వకండి.