అపోథెకరీ డైరీస్‌లో చిన్న కేసులన్నీ ఎక్కడ ముడిపడతాయి?

ప్రశ్న: “అపోథెకరీ డైరీస్ అనే జపాన్ అనిమే ఇరవై భాగాలు చూశాను. వారానికో కేసు వస్తోంది, పోతోంది. పగ ఎవరిదో అర్థం కాలేదు, ప్రేమ కదలడం లేదు, పేర్లు గుర్తుండడం లేదు. మీరంతా దీన్ని ఎలా ఫాలో అవుతున్నారు?”

ఇరవై చూశారు కాబట్టి అక్కడిదాకా దాపరికం లేకుండా చెప్తాను, ఆ తర్వాతి కథ బయటపెట్టను.

రాజభవనంలో పనిచేసే మందుల పిల్ల, మన కథానాయిక మావోమావో చిక్కు విప్పగానే ఆ కేసు అయిపోయిందని మీరు అనుకుంటున్నారు. అక్కడే దారి తప్పుతోంది. మనిషి ఎలా చచ్చిపోయాడో ఆమె ఆ భాగంలోనే చెప్పేస్తుంది. అతను పోవడం వల్ల ఎవరికి దారి దొరికిందన్నది మాత్రం చాలా భాగాల తర్వాత తేలుతుంది. అందుకే 19వ భాగం మళ్లీ చూడండి. నా లెక్కలో మొదటి సీజన్ మొత్తం ఆ ఒక్క భాగం కోసమే కట్టారు.

దానికి ముందు ఏమేం జరిగాయో వరసగా పెట్టుకోండి. కోనెన్ అనే పెద్ద అధికారి సారాలో ఉప్పు ఎక్కువై చనిపోయాడు. ఆయన నాలుకకు ఉప్పు రుచి తెలియకుండా పోయింది, అందుకే తాగేశాడు. తర్వాత ఒక గోదాములో పిండి ధూళి అంటుకుని పేలింది. ఆ గొడవలో పూజ సామాను మాయమైంది. ఇంకో అధికారి పచ్చి చేప వంటకం తిని పడిపోయాడు. తప్పు చేపది కాదు, సున్నంలో సరిగా ఊరబెట్టని సముద్రపు నాచుది. చూస్తున్నప్పుడు ఇవి దేనికవే. కానీ చనిపోయినవాడు, పోయిన వస్తువు, పడిపోయినవాడు, అన్నీ రాజు తరఫున జరిగే పూజల చుట్టూనే తిరుగుతున్నాయి.

ఇక అసలు కీలకం 16వ భాగంలోని కంసాలి ఇల్లు. తండ్రి పోతూ పెద్దవాడికి పనిపాక, నడిపివాడికి సొరుగుల పెట్టె, చిన్నవాడికి గాజు చేపల తొట్టి రాసిచ్చాడు. చిన్నవాడికి అన్యాయం చేశాడనే అనిపిస్తుంది. ఆ తొట్టిని నీళ్లతో కిటికీ దగ్గర సరైన చోట పెడితే ఎండ భూతద్దంలోంచి పడ్డట్టు ఒక్క బిందువు దగ్గర చేరుతుంది, తాళం దగ్గర అడ్డుపడిన లోహం కరుగుతుంది. అన్నదమ్ములు ముగ్గురూ కలిస్తే తప్ప ఆ సొరుగు తెరుచుకోదు. తండ్రి దాచిన రహస్యం కూడా తక్కువ వేడికే కరిగే లోహమే.

ఇందులో మాయ లేదు. టంకం వేసేవాళ్లెవరిని అడిగినా చెప్తారు. సీసం కరగాలంటే 327 డిగ్రీలు కావాలి, తగరానికి 232. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు కలిపితే 183 డిగ్రీలకే కరుగుతుంది. రెండూ విడివిడిగా ఆగే వేడికి కలిశాక ఆగవు. ఇప్పుడు 19కి రండి. పూజామందిరంలో పైనుంచి బరువైన స్తంభం వేలాడుతుంటుంది, కింద హోమం వెలుగుతుంటుంది. దాన్ని పట్టి ఉంచే బిగింపు ఈ రకం లోహంతో చేస్తే ఏమవుతుంది? ఎవరూ చెయ్యి వెయ్యనక్కర్లేదు, పూజే మనిషిని చంపుతుంది. మావోమావోకు ఈ సంగతి తట్టేసరికి పూజ మొదలైపోయింది. కాపలావాడు కర్రతో కొడితే తల పగిలినా ఆగదు. సైన్యాధికారి లాకన్ అడ్డుపడి ఆమెకు దారి ఇప్పిస్తాడు. ఆయన ఎందుకు వచ్చాడో 21 నుంచి తెలుస్తుంది.

పగ సంగతి. 20వ భాగం పేరే ఉమ్మెత్త. కొలువులో పనిచేసే సుయిరే విషం తాగింది, శవపేటికలో మాత్రం ఆమె లేదు. ఇంత ఓపికగా పన్నాగం అల్లిన మనిషి కారణం చెప్పకుండా తప్పించుకుందంటే కథ ఆమెను వదల్లేదనే అర్థం. ఆ బాకీ రెండో సీజన్‌లో తీరుతుంది. ఆమె కనిపించిన ప్రతిచోటా ఎవరితో ఉంది, ఏ మొక్క దగ్గర ఉంది అన్నది రాసుకోండి, చాలు.

ప్రేమ కదలడం లేదంటే నేను ఒప్పుకోను. స్తంభం కిందినుంచి అంతఃపురం చూసుకునే అధికారి జిన్షీని తప్పించి, కాలు చీరుకుపోయి రక్తం కారుతుండగా మావోమావో ముందు అడిగేది గోరోచనం గురించి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలిసిన ఆ గోరోచనమే, ఇస్తానని ఆయన ఆశపెట్టినది. ఆమె మాట మందు గురించే, ఆయన ముఖం మాత్రం వేరే చెప్తుంది. ఈ జంట విషయంలో సంభాషణ కాదు, ఎవరు ఎవరికి ఏ వస్తువు ఇచ్చారో చూడాలి. ఆరో భాగంలోని తలపిన్నుల దగ్గర మొదలుపెట్టండి. మావోమావో ఎడమచేతి చిటికెనవేలి కొసను కూడా ఇప్పుడే గమనించి పెట్టుకోండి. ఒకటిన్నర రెట్ల వేగంలో చూసేవాళ్లకు ఇవేవీ దొరకవు. అలా చూసి కథ నెమ్మది అనడం అన్యాయం.

పేర్లకు ఒక్కటే మందు: మనిషితోపాటు పదవినీ గుర్తుపెట్టుకోండి. కన్సార్ట్ అంటే రాజు భార్య, ముందున్న మాట ఆమె హోదా. ప్రెషస్ కన్సార్ట్ గ్యోకుయో, వైజ్ కన్సార్ట్ లిహువా, వర్చువస్ కన్సార్ట్ లిషు. ప్యూర్ కన్సార్ట్ దగ్గరే అందరూ తడబడతారు, ఎందుకంటే అదువో వెళ్లిపోయాక ఆ పదవిలోకి లౌలాన్ వచ్చింది. అదువో బిడ్డ తేనె వల్ల పోయిన కథ మనవాళ్లు మరీ శ్రద్ధగా చూడాలి. పురిటిబిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఏడాది లోపు పిల్లలకు చుక్క కూడా పెట్టకూడదు.

మళ్లీ చూసేటప్పుడు 9 చూసి, 13 నుంచి 20 దాకా వరసగా రెండు రోజుల్లో చూడండి. వారానికొకటి చొప్పున చూస్తే ముడులు జారిపోతాయి. యూట్యూబ్‌లో మాత్రం పాత్రల పేర్లు వెతకొద్దు. లౌలాన్ అని కొట్టగానే రెండో సీజన్ ముగింపు బొమ్మతో సహా ముందుకొస్తుంది. ఇలాంటి బొమ్మలు పెట్టేవాళ్ల మీద నాకు నిజంగా కోపం.

రెండు సీజన్లూ కలిపి 48 భాగాలు, మూడోది 2026 అక్టోబరుకని ప్రకటించారు. అంతవరకు ఆగలేకపోతే లైట్ నావెల్ ఐదో సంపుటి నుంచి ఎత్తుకోండి, మొదటి నాలుగూ అనిమేలో వచ్చేశాయి. మాంగాకు, అంటే జపాన్ బొమ్మల కథకు వెళ్తే, ఇదే కథకు ఇద్దరు వేర్వేరు చిత్రకారుల మాంగాలు రెండు నడుస్తున్నాయి. ఒకటి పట్టుకుంటే దాన్నే చివరిదాకా చదవండి.